ఆటరోజు టికెట్టు

ఆదివారం ఉదయం పదిన్నరకి అవెలీనో నాలుగో కిటికీ అద్దాన్ని లోపలి వైపు నుంచి తుడుస్తున్నాడు. పాత న్యూస్ పేపరు ఉండచుట్టి, వెనిగర్ కలిపిన నీళ్ళలో ముంచి, పై మూల నుంచి కింది మూలకి ఒక్క ఊపున దించుతాడు. నిజానికి ఆ అద్దానికి తుడవాల్సినంత మురికి పట్టదు. కొత్త స్టేడియం కిటికీలకి రంధ్రాలు లేవు, జనం ఊపిరి లోపలికి తగలదు. మాట్లాడాలంటే మైకు. అయినా ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు కదా, ఆటరోజు అద్దం తుడవకపోతే అతనికి కాళ్ళూ చేతులూ ఆడవు.

అవెలీనోకి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. స్టూలు మీద కూచుని కూచుని వీపు కాస్త గూని తిరిగింది. కుడిచేతి బొటనవేలి కొస నున్నగా అరిగిపోయి ఉంటుంది. లక్షల టికెట్లు చించిన వేలు అది. ఇప్పుడు ఫోను ఆ వేలిముద్రని గుర్తుపట్టనని మొండికేస్తుంది, చూపుడువేలు పెట్టి బతిమాలుకోవాలి.

పాత గ్రౌండు రెసీఫే ఊరి రేవు పక్కనే ఉండేది. అది రేవు కూలీలు కట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు. తెల్లవారుజామున రేవు గేటు దగ్గర పేర్లు పిలిస్తే గాని ఆ రోజు పని ఉందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఓడ వస్తే మూటలు, రాకపోతే ఆట. అందుకని ఎవరూ ముందురోజు టికెట్టు కొనేవాళ్ళు కాదు. కొన్నవాణ్ణి, ఓడని కోరి పిలుచుకున్నావురా అని ఆట పట్టించేవాళ్ళు. ఆ వేళాకోళం పోను పోను నమ్మకమై కూచుంది. ముందు కొన్న టికెట్టుతో లోపలికెళితే జట్టు ఓడిపోతుందట. రేవులో మూటలు మోసే పని క్రేన్ల పాలయ్యాక, కూలీలు పింఛను తీసుకునే ముసలాళ్ళయ్యాక కూడా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

పాత కిటికీకి నడుం ఎత్తున అర్ధచంద్రాకారంలో చిన్న కంత ఉండేది. లోపల అవెలీనో కిందికి కూచునేవాడు. అందులోంచి అతనికి కనిపించేవి చేతులే. ముఖాలు తెలియవు గాని చేతులు తెలుసు. సున్నం తిన్న చేతులు, చేపల వాసన చేతులు, పెళ్ళి ఉంగరం మాయమైన చేతులు. ఆట మొదలవడానికి పావుగంట ముందు ఓడ దిగి పరిగెత్తుకొచ్చే చేతుల కోసం నలభై టికెట్లు డ్రాయరు అడుగున దాచేవాడు. దాచమని ఎవరూ చెప్పలేదు. ఎవరికీ లేదనకుండా పంపడమే తన ఉద్యోగం అనుకున్నాడు, ఇన్నాళ్ళూ ఆ తృప్తితోనే బతికాడు.

అన్నట్టు, అతను ఒక్క ఆట కూడా చూడలేదు. రెండో సగం మొదలయ్యేదాకా కిటికీ తెరిచే ఉండాలి, తర్వాత గేటు దగ్గర చింపిన సగం ముక్కలన్నీ కట్టలు కట్టి అప్పగించాలి. గోడ అదిరే తీరుని బట్టి గోలు ఎవరిదో చెప్పేవాడు. అందరికీ వడ్డించి ఖాళీ గిన్నెలు కడుక్కునే రకానివి నువ్వు అని భార్య మార్లూసి దెప్పేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు అఫోగాదుస్ పేటలో అద్దెకున్న ఒక్క గదిలో ఫ్యానూ, రేడియో, అతనూ.

కొత్త స్టేడియం కట్టి రెండేళ్ళు. ఊరి బయట, పెద్ద రోడ్డు దాటాక. ఇక్కడ గోడలు అదరవు. మనిషి ముఖం ముందే నమోదై ఉండాలి, టికెట్టు ఫోనులో కొనాలి, గేటు దగ్గర ముఖం చూపిస్తే ఇనపకడ్డీ తెరుచుకుంటుంది. నాలుగో కిటికీ మీద ‘సమాచారం’ అని బోర్డు పెట్టి అవెలీనోని అక్కడ కూచోబెట్టారు. ప్లాస్టిక్ అతికించిన కాగితం మీద ఒక వాక్యం ఇచ్చారు. ఆటరోజు వచ్చి టికెట్టు అడిగినవాళ్ళకి అది చదివి వినిపించాలి. ఈ కిటికీలో టికెట్లు అమ్మబడవు, దయచేసి మీ ఫోను ద్వారా కొనుగోలు చేయగలరు.

ఈరోజు సీజనులో చివరి ఆట. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ వాక్యాన్ని అరవైసార్లు చదివి ఉంటాడు. కుర్రవాళ్ళు అక్కడే నిలబడి ఫోను నొక్కుకుని వెళ్ళిపోతున్నారు. ముసలివాళ్ళు వెనక్కి తిరుగుతున్నారు. నెత్తిన టోపీ పెట్టుకున్న ఒకావిడ వాక్యమంతా ఓపిగ్గా విని, “అమ్మనివాడివి మరి అందులో ఎందుకు కూచున్నావు నాయనా, అలంకారానికి పెట్టారా?” అంది. అవెలీనోకి కోపం రాలేదు. పొద్దుట్నించి తను అనుకుంటున్నదే ఆవిడ పైకి అంది.

రెండుంపావుకి కిటికీ గట్టు మీద ఒక చెయ్యి ఆనింది. ఉంగరపు వేలు లేని కుడిచెయ్యి, మణికట్టు మీద మోకు ఒరుసుకుపోయిన పాత మచ్చ. అవెలీనో దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అది దుర్వాల్ చెయ్యి. ఇరవై ఏళ్ళకి పైగా ప్రతి ఆటకీ కంతలోంచి లోపలికొచ్చిన చెయ్యి. పేరు కూడా వరసలోవాళ్ళు పిలుస్తుంటే విన్నదే. తలెత్తి చూశాడు. ఈ చేతికి ఉన్న ముఖం ఇదా అనుకున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన. బక్కగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన ఎర్రచారల చొక్కాలో ఉన్నాడు. కుడికన్ను రెప్ప సగం వాలి, దాని కింద గుడ్డు పాలు పోసినట్టు తెల్లగా ఉంది.

“ఒకటి. ఎండ వైపు,” అన్నాడు దుర్వాల్, ఎప్పుడూ అన్నట్టే.

అవెలీనో కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదవలేకపోయాడు. మైకు ఆపేసి, తలుపు తీసుకుని చుట్టూ తిరిగి బయటికొచ్చాడు. కిటికీ వదిలి రావడం అతని ఉద్యోగంలో అదే మొదటిసారి.

రెండేళ్ళుగా కనబడలేదేమని అడిగాడు. మూడు బస్సులు మారాలి, మోకాళ్ళు ఒప్పుకోలేదన్నాడు ముసలాయన. మరిప్పుడు ఎలా వచ్చావని అడిగితే నవ్వాడు.

“ఇప్పుడు కళ్ళు తొందరపెట్టాయి. కుడిది పోయింది, ఎడమదీ పోతోందన్నారు ఆసుపత్రిలో. వచ్చే సీజనుకి నాకు ఆట వినబడుతుందే గాని కనబడదయ్యా. కొత్త గ్రౌండులో మనవాళ్ళు ఎలా ఆడుతున్నారో ఒక్కసారి చూసి ఊరుకుంటాను.”

అడుక్కుంటున్నట్టు కాదు, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. నిన్ననే ఎవరిచేతైనా ఫోనులో కొనిపించుకుని ఉండాల్సిందని అవెలీనో అనబోయి మానుకున్నాడు. చివరి ఆటకి ముందురోజు టికెట్టు కొనమని దుర్వాల్‌కి చెప్పడం అంటే జట్టుని ముంచమని చెప్పడమే.

గేటు పక్కన ముఖాలు నమోదు చేసే యంత్రం ఉంది. అవెలీనో ముసలాయన భుజం పట్టుకుని దాని ముందు నిలబెట్టాడు, గుర్తింపు నంబరు తనే కొట్టాడు. రెండు కళ్ళూ తెరవండి అంది యంత్రం. దుర్వాల్ ఎడమకన్ను పెద్దది చేశాడు. రెండు కళ్ళూ తెరవండి అంది మళ్ళీ. కుడి రెప్పని వేలితో పైకెత్తి పట్టుకున్నాడు. ముఖానికి చెయ్యి అడ్డుగా ఉంది అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి కూడా కాకపోయేసరికి, ఈ నంబరుతో రేపు ప్రయత్నించండి అని తెర నల్లబడింది.

“రేపు ఆట లేదుగా,” అన్నాడు దుర్వాల్ యంత్రంతోనే, మర్యాదగా.

అప్పుడు అవెలీనో తప్పు చేశాడు. తెలిసే చేశాడు. ఉద్యోగుల ముఖాలన్నీ ముందే నమోదై ఉన్నాయి. తన ఫోను తీసి, తన పేరు మీద ఎండ వైపు సీటు ఒకటి కొన్నాడు. తన టికెట్టు మీద వేరేవాళ్ళని లోపలికి పంపితే ఉద్యోగం పోతుందని రాసిన కాగితం మీద ఈ కొత్త స్టేడియంలో చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. అయితే ఏం, ఇన్నేళ్ళలో ఈ చేతిని ఒక్కసారి కూడా ఖాళీగా వెనక్కి పంపలేదు. నా ముఖం చూపిస్తాను, కడ్డీ తిరగ్గానే నువ్వు దూరిపో, నేను ఇటే ఉండిపోతాను అని రెండుసార్లు చెప్పాడు. దుర్వాల్ సరేనని తలూపి చొక్కా సర్దుకున్నాడు.

ఇద్దరూ గేటు ముందు నిలబడ్డారు. అవెలీనో పక్క నుంచి మెడ చాచి ముఖం పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. కడ్డీ తెరుచుకుంది. దూరాన మెట్ల వరసల మధ్య గడ్డి ముక్క ఒకటి పచ్చగా మెరిసింది.

దుర్వాల్ కదల్లేదు. జీవితంలో ఎన్నడూ అతను, చింపిన సగం ముక్క చేతికి రాకుండా గేటు దాటలేదు. దాటినవాడు దొంగ కింద లెక్క. నాలుగువేళ్ళ చెయ్యి ముందుకి చాచి, గేటు దగ్గర కాపలావాడి కేసి చూస్తూ నిలబడ్డాడు.

“సగం ముక్కో?” అన్నాడు.

అవెలీనో వెళ్ళు వెళ్ళు అంటూ వీపు మీద తోశాడు. ముసలాయన తూలి, చాచిన చెయ్యి కడ్డీ మీద ఆనించే లోపల కడ్డీ మూసుకుంది. ఎర్రదీపం వెలిగింది. అంతా కలిపి నాలుగు సెకన్లు.

కాపలావాడు పిలిస్తే తైనారా వచ్చింది. గేట్ల మీద పెత్తనం ఆమెది. పాతికేళ్ళ పిల్ల, మంచిదే. తెర చూసి, దుర్వాల్‌ని చూసి, పెదవి కొరుక్కుంది. అవెలీనోని పక్కకి తీసుకెళ్ళింది.

“నేను చెప్పకుండా ఊరుకుందామన్నా కుదరదు బాబాయ్. ఆ యంత్రమే పైకి చెప్పేసింది. మీరు టికెట్టు కొన్నారు, లోపలికెళ్ళారు, పక్కనొకరున్నారు, అంతా బొమ్మతో సహా వెళ్ళిపోయింది. ఆఫీసు నుంచి ఇప్పుడే ఫోనొచ్చింది. కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళమన్నారు.”

“ముసలాయన్ని పంపు తల్లీ. నా సంగతి వదిలెయ్. ఆయన్ని ఒక్కణ్ణి పంపు.”

“నా ముఖం పెట్టినా నాకే తెరుచుకుంటుంది. ఆయన ముఖానికి తెరుచుకోదు.” గొంతు తగ్గించి అంది, “దాని లెక్క ప్రకారం మీరిప్పుడు లోపలే ఉన్నారు. కావాలంటే ఆ పక్క తలుపు తీస్తాను. కనీసం మీరైనా చూడండి.”

అవెలీనో తల అడ్డంగా ఊపాడు. ఆ పచ్చగడ్డి ముక్కని ఇక ఈ జన్మలో చూడకూడదనిపించింది.

ఆఫీసులో సంతకాలు అయ్యేసరికి నాలుగుంపావు దాటింది. ముప్ఫై నాలుగేళ్ళకి మూడు సంతకాలు. బయటికొచ్చాక తెలిసింది, ఆట మొదలై చాలాసేపయింది. అంత పెద్ద గోడ పక్కన నిలబడినా ఒక్క కేక వినబడలేదు. దుర్వాల్ ఎక్కడా లేడు. నమోదు యంత్రం దగ్గర లేడు, మెట్ల మీద లేడు. బస్టాపులో కొబ్బరిబోండాలమ్మే మనిషి రేడియో చెవికి ఆనించుకుని ఉంది. మనవాళ్ళు ఒక గోలు వెనకబడ్డారంది, అడక్కుండానే.

కుడికన్ను లేని పెద్దాయన కనబడ్డాడా అని అడిగాడు.

“కనబడ్డాడయ్యా. నీదేం తప్పు లేదని చెప్పమన్నాడు, కిటికీ అబ్బాయికి. తనే చెయ్యి చాచాడట. ఇదిగో, ఇందాకే అటు కిటికీల దాకా వెళ్ళొచ్చి బస్సెక్కాడు. రేడియో ఇస్తాను కూచోమన్నాను. వినడానికి చాలా టైముందిలే అన్నాడు.”

యాభై ఎనిమిదేళ్ళ మనిషిని అబ్బాయి అన్నాడు దుర్వాల్. అవెలీనోకి ఏడుపొచ్చింది. ఏడిస్తే కొబ్బరిబోండాలావిడ చూస్తుందని మొహం తిప్పుకుని, స్టేడియం కేసి నడిచాడు. రేపు పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో తెలియదు. అంతకంటే, వచ్చే సీజను మొదటి ఆదివారం ఆ ముసలాయన చీకట్లో కూచుని ఏ గోడ అదిరేది వింటాడో తెలియదు. ఈ రెంటికీ తను చేయగలిగింది ఏమీ లేదు.

కిటికీలన్నీ ఆరిపోయి ఉన్నాయి. నాలుగోదాని లోపల ఖాళీ స్టూలు కనబడుతోంది. దాన్ని బయటి నుంచి చూడటం అతనికి అలవాటు లేదు. అద్దం కింద గట్టు మీద, నాలుగు మడతలు పెట్టిన ఇరవై రేయాల నోటు ఒకటి ఉంది. పాత గ్రౌండులో ఎండ వైపు టికెట్టు ధర అది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి పెట్టి ఉంది.