బడి బోరుకు ఎదురుగా సున్నా

నేను ఒక ఫైలును. దారంతో కట్టిన కాగితాల కట్టను కాదు, కంప్యూటరులో ఉండే అంకెల పట్టికను. కనిగిరి వైపు ఒక చిన్న నీటి పరీక్షా కేంద్రంలో పుట్టాను. నన్ను తయారుచేసింది సుభాషిణి. ఊరూరా తిరిగి, బావుల్లోనూ బోర్లలోనూ నీళ్లు సీసాలకు పట్టి తెచ్చి, దేనిలో ఎంత ఫ్లోరైడు ఉందో చూసి నాలో ఎక్కించేది. ఆ ప్రాంతంలో ఫ్లోరైడు అంటే తెలియనివాళ్లు లేరు. అది ఎక్కువైన నీళ్లు తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల మోకాళ్లు బిగుసుకుపోతాయి.

నన్ను తెరిస్తే మొదట కనిపించేవి అంకెల వరుసలు. పైన ‘వివరాలు’ అన్న చోట నొక్కితే చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. నన్ను ఎవరు తయారుచేశారు, ఎవరు దిద్దారు, ఏ అంకెకు ఏమిటి అర్థం అన్నీ అందులో ఉంటాయి. సంబంధం కలుపుకొనేటప్పుడు ఏడు తరాల సంగతులు అడిగే మనుషులు, నా విషయానికి వచ్చేసరికి మొహం చూసి నమ్మేస్తారు.

వేములగుంటపాడు బడిలో ఒక బోరు ఉంది. సుభాషిణి వెళ్లిన రోజు దాని పంపు పిడి విరిగి ఉంది. నీళ్లు పట్టలేదు. గడి ఖాళీగా వదిలితే నన్ను నడిపే ప్రోగ్రాము ఒప్పుకోదు కాబట్టి సున్నా వేసింది. వేసి, వివరాల్లో రాసింది: ‘సున్నా అంటే పరీక్ష చేయలేదని అర్థం.’ మళ్లీ వెళ్దామనే అనుకుంది. ఇంతలో అనంతపురంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

ఆమె కుర్చీలోకి కరీముల్లా వచ్చాడు. మంచివాడు, ఆత్రం మనిషి. వేములగుంటపాడు జనం ట్యాంకరు కోసం ఎండలో బిందెలు పెట్టుకుని నిలబడటం చూసి వచ్చి, ఆ ఊళ్లో ఒక్క మంచి బోరైనా ఉండకపోతుందా అని నన్ను తెరిచాడు. తక్కువ ఫ్లోరైడు ఉన్నది పైకి వచ్చేలా వరుసలు మార్చాడు. బడి బోరు అన్నింటికంటే పైకి వచ్చి కూర్చుంది.

“అల్‌హందులిల్లా, బడిలోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు!” అని బల్ల మీద చెయ్యి చరిచాడు.

వివరాల కిటికీ మూసే ఉంది. నేను నోరున్నదాన్ని కాదు.

బోరు బాగుచేయించారు. నీలం రంగు వేసి ‘మంచినీరు’ అని బోర్డు తగిలించారు. ఆ రోజు తీసిన ఫొటోలు నా పక్క ఫోల్డరులోనే ఉన్నాయి. బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆదెమ్మ మొదటి బిందె ఎత్తుకుని నవ్వుతూ ఉంది. చంకలో చిన్న కూతురు కీర్తన.

అయిదేళ్ల తరవాత ఆదెమ్మ ఆ కూతురి చెయ్యి పట్టుకుని కరీముల్లా దగ్గరికి వచ్చింది.

“నోరు తెరువు తల్లీ, సారుకి చూపించు.”

పాలపళ్లు ఊడి కొత్తగా వచ్చిన ముందుపళ్లు. సుద్దలా తెల్లటి మచ్చలు, మధ్యన గోధుమరంగు చారలు.

“మా పెద్దోడు మా అమ్మ కాడ పెరిగినాడు సారూ, వాడి పళ్లు శుభ్రంగా ఉండాయి. ఈ పిల్ల నడక నేర్చినకాణ్ణించి మీరు చెప్పిన బోరు నీళ్లే తాగింది.”

“అట్లా అవదమ్మా. వేరే ఏదన్నా కారణం ఉంటుంది. ఇదుగో చూడు, సున్నా. అసలు ఫ్లోరైడే లేదు” అని కరీముల్లా నన్ను తెరిచి చూపించాడు.

“నాకేం తెలుసు సారూ. ఎవురు చూసి రాశారో వాళ్లనన్నా అడిగి చెప్పండి.”

ఆ పేరు కోసం ఆయన వివరాలు నొక్కాడు. సుభాషిణి పేరు కనిపించింది. దాని కింద ఆమె రాసిన మాట కూడా. ఒకసారి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

బాణం గుర్తు మెల్లగా వచ్చి ఆ మాట మీద ఆగింది. ఒక్క నొక్కు చాలు, అది పోతుంది. ఆదెమ్మకు చదువు రాదు. గదిలో ఇంకెవరూ లేరు. అంత భయం నేను ఎప్పుడూ ఎరగను. ఆ మాట పోతే నాలో మిగిలేది అబద్ధం ఒక్కటే.

కరీముల్లా మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

“అమ్మా, ఆ నీళ్లు పరీక్ష చేయలేదంట. ఇక్కడ రాసి ఉంది. నేను చూసుకోలేదు.”

ఆదెమ్మ నా వంకే చూసింది.

“బడి పిల్లలందరికీ ఆ నీళ్లతోనే వండి పెట్టినాను సారూ. కొసరి కొసరి తాపినాను” అంది. అని కూతురి పెదవులు కొంగుతో తుడిచింది, అక్కడేదో అంటుకున్నట్టు.

వాళ్లు వెళ్లాక ఆయన సుభాషిణికి ఫోను చేశాడు.

“రాశాను కదండీ వివరాల్లో” అందామె. “చూస్తారనుకున్నాను.”

మర్నాడు ఆయనే వెళ్లి ఆ నీళ్లు పట్టి తెచ్చాడు. ఫ్లోరైడు ఉండదగిన హద్దుకు మూడింతలు పైన తేలింది. ఆ సంగతి ఫోనులో చెప్పి ఊరుకోలేదు. ల్యాప్‌టాపులో నన్ను వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి, బడి ఆవరణలో అందరి ముందూ నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరో తిట్టారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. హెడ్‌మాస్టరు మాలకొండయ్య విడిపించి, “ముందు పిల్లలకి నీళ్ల సంగతి చూడండయ్యా, ఈయన ఎక్కడికీ పోడు” అన్నాడు. బోర్డు పీకేశారు. ఆదెమ్మ ట్యాంకరు వచ్చేదాకా పొయ్యి ముట్టించలేదు.

తిరిగి వచ్చాక కరీముల్లా నన్ను దిద్దాడు. సున్నాలున్న చోటల్లా ‘పరీక్ష చేయలేదు’ అని అక్షరాలతోనే రాశాడు. కానీ నేను ఒక్కదాన్నే కాదు. ఈ అయిదేళ్లలో నా నకళ్లు ఎన్నెన్నో కార్యాలయాలకు వెళ్లాయి. నాలో దిద్దినది వాటికి చేరదు. ఆయన ఒక్కొక్కరికే ఫోను చేస్తున్నాడు. నిన్న ఒక ఆఫీసులో ఆయన చెప్పిందంతా ఓపికగా విన్నారు.

“కొత్తది ఎందుకులెండి. మీ పాత ఫైలు మా దగ్గర భద్రంగా ఉంది” అన్నారు.