కుటుంబమున జేరని మఱది

గ్రీష్మము ముదిరి చండభానుని కిరణములు భూతలమును వేచుచుండ ఉప్పుమళ్లలో నీరింకి తీరభూములు పొక్కులెక్కిన చర్మమువలె గానవచ్చుచుండ సముద్రమునుండి వీచు గాలియు దన సహజశైత్యము వీడి తడికంబళివలె మేనికి జుట్టుకొనుచుండ కాకినాడయందొక మేడ వసారాలో తారకేశ్వరమను వృద్ధుడు పడకకుర్చీయం దొరిగి నోరు తెఱచి యొక్కొక్క యూపిరిని మహాప్రయాసముతో లోనికి లాగికొనుచుండెను. ప్రక్కన నిలిచి విసనకఱ్ఱతో వీచుచున్న యామె యాతని భార్య హైమవతి.

తారకేశ్వరము ఓడ ఇంజనీరుగా యౌవనమంతయు నౌకాగర్భమునందలి యంత్రశాలలలో జమురుపొగ మ్రింగుచు గడపినవాడు. ఉద్యోగవిరమణమునాటి కాతనికి మిగిలినవి పింఛనును శిథిలమైన శ్వాసకోశములును. ఈ తేమగాలిలో నుండిన ఆయువు క్షీణించునని వైద్యుడు చెప్పినది మొదలు ఆతని చిత్తము పూర్వమొకమారు తాను చూచివచ్చిన పశ్చిమదేశపు కొండయూరియందే లగ్నమై యుండెను. పింఛను గల విదేశీయులు సకుటుంబముగా నచ్చట వసింప ననుమతించు వీసా యొకటి కలదని వినినంతనే యా కోరిక యాశయై యాశ నిశ్చయమయ్యెను.

ఆ దంపతులకు సంతానము లేదు. ఉన్నవాడు తారకేశ్వరుని తమ్ముడు మురహరి. నలుబదియేండ్లు దాటినను వాని బుద్ధి పసివాని బుద్ధియే. అత్తగారు కన్నుమూసిన నాటినుండి హైమవతియే వానికి నీళ్లు పోసి తల దువ్వి చొక్కా బొత్తాములు పెట్టి పెంచెను. భర్త సముద్రములపై దిరిగిన దీర్ఘకాలమున నా యింట నామెకు బలుకుతోడు వాడొక్కడే.

వీసాల వ్యవహారములు నడపు సన్యాసిరాజొక యపరాహ్ణమున వచ్చి సంగతులన్నియు విని యిట్లనియె.

“అయ్యా, ఆ దేశమున నుద్యోగము విరమించినవారికి మార్గములు రెండు. పింఛను చూపి పోవుట యొకటి, అచ్చట నిల్లు కొని పోవుట మఱియొకటి. ఏ మార్గమునైనను భార్యయు మైనరు బిడ్డలును వెంట రావచ్చును. ఇల్లు కొన్నవారు తల్లిదండ్రులను గూడ దీసికొనిపోవచ్చును. తమ్ముని మాట యెందును లేదు.”

“కన్నబిడ్డవలె బెంచితినే! దత్తత చేసికొందుము” అని హైమవతి పలికెను.

“అమ్మా, చట్టము మీ పెంపకమును జూడదు, ఆయన వయస్సును జూచును. సందర్శకుని వీసాపై గొనిపోయినను గడువు తీరగానే పంపివేయుదురు.” అని యతడు కంఠము తగ్గించి “ఇట్టివాడు మీపై నాధారపడియున్నాడని తెలిసిన మీ యర్జీకే చిక్కు రావచ్చును. అడిగినచో నెవ్వరును లేరనుడు” అనెను.

హైమవతి విసనకఱ్ఱ క్రింద బెట్టి లోనికి బోయెను. అటుపిమ్మట నింట వీసా ప్రసక్తి కొంతకాలము వినరాలేదు. కాని తొలకరి మేఘములతోడనే తారకేశ్వరమున కుబ్బసము పెచ్చుపెరిగి యాసుపత్రిలో జేర్పవలసివచ్చెను. ప్రాణవాయువు గొట్టము ముక్కున నుండగా నాతడు భార్య మణికట్టు పట్టుకొని “హైమా, నాకు బ్రదుకవలెనని యున్నది” అని మాత్రము పలికెను. జన్మమంతయు నేమియు యాచింపని యా పురుషుని నోట వెడలిన యా దీనవాక్యము విని యామె సన్యాసిరాజునకు గబురంపెను.

చెన్నపట్టణమునందలి యా దేశపు కార్యాలయములో నొక యువతి యద్దపు తెరవెనుక గూర్చుండి మర్యాదగా బ్రశ్నించెను. “మీపై నాధారపడిన బంధువు లింకెవ్వరైనను గలరా?”

తారకేశ్వరము భార్య వంక జూడక నేలవంక జూచుచుండెను.

“లేరు” అని హైమవతి చెప్పి ప్రమాణపత్రముపై సంతకము చేసెను.

మురహరిని సామర్లకోట చేరువ దిక్కులేనివారిని బోషించు నొక యాశ్రమమున విడిచిరి. కారెక్కించినప్పుడు వాడు విహారమునకు బోవుచున్నామని తలంచి త్రోవపొడుగునను జప్పట్లు కొట్టెను. అచ్చటి పరిచారిక ఎస్తేరు వానికి భోజనము వడ్డింపగా వాడు తినక చుట్టును జూచి “వదినె, నీ కంచమేది?” అని యడిగెను. “నేను తరువాత దినెదను నాయనా” అని చెప్పి యామె వెలుపలికి వచ్చి కారు తలుపు పట్టుకొని నిలిచిపోయెను.

కొండయూరి పొడిగాలి తారకేశ్వరునకు సంజీవనియయ్యెను. ఆతడు ద్రాక్షతోటల వెంట నడచుచు రంగు తేఱి నవ్వ నేర్చెను. హైమవతి ఫోను చేసినప్పుడెల్ల మురహరి మాటాడక యూపిరి మాత్రము వినిపించువాడు. తరువాత ఫోనుకడకు వచ్చుటయే మానెను. భర్త సుఖముగా నిద్రించుట చూచి సంతసించుటయు, సంతసించినందులకు దన్ను దాను రోయుటయు నామెకు నిత్యకృత్యమయ్యెను.

అంతలో నా దేశము చట్టమును సడలించి స్వయముగా బ్రదుకజాలని తోబుట్టువులను గూడ గుటుంబమున జేర్చెనని తెలిసి యామె మురహరి కొఱకు నర్జీ వ్రాసికొని పరుగుపరుగున గార్యాలయమునకు బోయెను. అధికారి పాత కాగితములు తిరగవేసి నిట్టూర్చెను.

“అమ్మా, ఆధారపడినవారెవ్వరును లేరని ప్రమాణము చేసినవారు మీరే. ఇప్పుడు కలడని వ్రాసినచో నది యబద్ధమని మీ యిరువుర యనుమతియు రద్దగును. ఈ యర్జీ నేను చూడలేదనుకొందును. తీసికొనిపొండు.”

నాడు సాయంకాలము హైమవతి పెట్టె సర్దుకొనెను. తారకేశ్వరము గుమ్మమున నిలిచి “మన దేశముననే స్థిరముగా నుంటివేని నీ వీసా పోవును. మరల రాజాలవు. నేను వెంట వత్తునన్న నా యూపిరి యెఱుగుదువు గదా” యనెను.

“మీరు రావలదు. మీరు బ్రదుకుడు. నన్ను బోనిండు.”

ఆతడు తొలగి త్రోవ యిచ్చెను.

ఆశ్రమమున మురహరి తల గొరిగించుకొని సన్నగిలి యొక బల్లపై గూర్చుండి బఠాణీలు ఒలుచుచుండెను. హైమవతి యెదుట నిలిచి పేరు పెట్టి పిలువగా వాడు తలయెత్తి యామె ముఖమును సావధానముగా జూచి, సందర్శకులకు జేయుమని నేర్పినట్లు చేతులు జోడించి “నమస్కారము అమ్మగారూ. మీరెవరి కొఱకు వచ్చితిరి?” అని యడిగెను.

“నీ కొఱకే నాయనా.”

వాడు వినయముగా దల యూపి లేచి ఎస్తేరు చాటునకు బోయి యామె కొంగు పట్టుకొనెను. ఇంటికి దీసికొనిపోవ బ్రయత్నించినప్పుడు పెద్దపెట్టున నేడ్చి గుమ్మము గరచి పట్టెను. చూచి చూచి ఎస్తేరు “అమ్మగారూ, వీనిని రెండవమారు పెఱకకుడు” అని బ్రతిమాలెను. నాటినుండి హైమవతి యాశ్రమము చెంతనే యొక గది యద్దెకు గొని దినదినమును వచ్చి పోవుచుండెను. మఱుసటి హేమంతమున నా కొండయూరిలో దారకేశ్వరము నిద్రలోనే ప్రాణము విడిచెను. కడచూపునకు బోవ నామెకు వీసా సకాలమున దొరకలేదు. పొరుగువా రెవ్వరో దహనము చేయించిరి.

భయపీడితుడైన మానవుడు తనవానిని లేడనుట క్షణకాలపు పని. లేడన్నవానిని మరల గలడనిపించుట యే దేశపు చట్టమునకును సాధ్యము కాకపోవచ్చును. భర్తృమరణవార్త వచ్చిన నాడు గూడ హైమవతి యథాప్రకారముగా నాశ్రమమునకు వచ్చి సందర్శకుల కుద్దేశించిన బల్లపై గూర్చుండెను. మురహరి దూరమునుండి యామెను జూచి, ఈ యమ్మగారి కొఱకు వచ్చువారెవ్వరును లేరు కాబోలునని జాలిపడి, తాను ఒలిచిన బఠాణీలు గుప్పెడు తెచ్చి యామె యొడిలో బోసి వెడలిపోయెను.