కాడి కింద నా పుట్టిల్లు

నేను ఒక ధాతువును, మాటలు పుట్టే మూలాన్ని. పేరు అడగకండి. నన్ను పలికిన నోళ్లు మట్టిలో కలిసి వేల ఏళ్లయింది. పండితులు నా సంతానం పోలికలు చూసి నా రూపం ఊహించారు. పైగా ముందొక చుక్క గుర్తు పెట్టారు. 'దీన్ని విన్నవాడు లేడు' అని దానర్థం. ఇంతకాలం గొడ్డుచాకిరీ చేసినందుకు ఇదీ మర్యాద!

నా అర్థం ఒక్కటే, జత కలపడం. రెండు పశువుల మెడల మీద కర్ర వేసినవాళ్లు నన్ను వాడుకున్నారు. తర్వాత పిల్లలు తలో దిక్కూ పోయారు. ఇంగ్లీషువాళ్ల ఇంట 'యోక్' ఇంకా ఆ కర్రనే మోస్తున్నాడు. సంస్కృతంలో యుగం, యోగం పెద్దవాళ్లయిపోయారు. ఉద్యోగం కోసం తెలుగువాళ్లు కాళ్లరిగేలా తిరుగుతారు. వియోగం కూడా నా బిడ్డే, కడుపున పుట్టాక కాదనలేను. వీళ్లందరినీ మోసి అలిసిపోయాను.

మొన్న తొలకరికి హైమవతి అనే భాషా పరిశోధకురాలి వెంట శ్రీకాకుళం దగ్గర ఒక పొలానికి వెళ్లాను. ఆవిడ రైతుల మాటలు రికార్డు చేస్తుంది.

"ఈ కర్రనేమంటారండీ?"

"కాడి అమ్మా," అన్నాడు రైతు సూరన్న, ముఖం తిప్పకుండానే. ఆ మాట మా వంశానిది కాదు.

అతని దిగులు వేరే. జతలో ఒక ఎద్దు చచ్చిపోయింది. ఆ దుఃఖంలోనే సంతకెళ్లి మరొకటి కొన్నాడు. అది కాడికి ఏ పక్క నడిచేదో అడగలేదు. మిగిలిన ముసలి ఎద్దు దాపటిది, అంటే ఎడమపక్కది. కొత్తదీ దాపటిదే. కుడిపక్క కడితే మెడ మెలితిప్పి కూలబడుతోంది. నేల పదును ఆరిపోతే ఈ ఏడు గింజ పడదు.

"సంతలో ఏ పక్కదో అడగనేదేటి మావా?" అంది భార్య పైడమ్మ.

"అడగడానికి నోరు రానేదే. ఆడు పోయాక నా బుర్ర పనిసెయ్యట్నేదు."

ఊళ్లో ఎద్దులన్నీ ఎవరి దుక్కిలో వాళ్లవి ఉన్నాయి. సూరన్న కొత్తదాన్ని విప్పేసి, కుడిపక్క తనే వంగి కాడి భుజాన వేసుకున్నాడు. పైడమ్మ నాగలి మేడి పట్టింది. ముసలి ఎద్దు అతని వైపు తిరిగి వాసన చూసింది. తర్వాత తన అడుగు చిన్నది చేసి, అతనితో పాటు కదిలింది.

హైమవతి రికార్డరు ఆపేసింది. నాకు ఏడుపొచ్చింది. నాగటి చాలు సాగుతూనే ఉంది. అక్కడ నన్నెవరూ పలకలేదు. పలకాల్సిన అవసరం రాలేదు.