మానిటర్ గైర్హాజరు

మా ఇంట్లో ఆ వాసన మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది. మా అమ్మాయి పోయిన రెండు నెలలకు నేను మళ్ళీ బడికి వెళ్ళిన రోజు అది. సాయంత్రం వచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పుల స్టాండు పక్క గోడ మీద, మోకాలి కింద ఎత్తులో, ఒక తడి చార కనిపించింది. నీళ్ళు చిందాయనుకున్నాను. వంగి చూశాక అలా అనుకోవడానికి వీల్లేకపోయింది.

మా ఇంట్లో అప్పటికి నాలుగు పిల్లులు. నాలుగూ అమ్మాయి తెచ్చినవే. తను మందుల షాపులో పనిచేసేది. షాపు వెనక పడేసిన అట్టపెట్టెల్లో ఎవరో వదిలిపోయిన పిల్లిపిల్లల్ని ఒక్కొక్కటిగా ఇంటికి మోసుకొచ్చింది. తెచ్చిన ప్రతిసారీ "ఇదే ఆఖరు నాన్నా" అనేది. తెల్లగా, పిరికిగా ఉండే ఆడపిల్లి దూది. చొక్కా నుంచి ఊడిన గుండీలా ఎప్పుడూ ఏ సోఫా కిందో దొరికేది గుండీ. గిన్నె దగ్గరికి అందరి తరవాత వచ్చేవాడు ఆలస్యం. నల్లగా, బొద్దుగా, నడవ మొదట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ చూస్తుండేవాడు మానిటర్. "మీ క్లాసు మానిటరూ ఇంతేగా నాన్నా. తను చదవడు, అందరి మీదా కన్నేసి ఉంచుతాడు" అని ఆ పేరు పెట్టింది. మగపిల్లుల్ని "అది" అంటే ఒప్పుకునేది కాదు, "వాడు" అనాల్సిందే. ఆ అలవాటు నాకింకా పోలేదు.

అమ్మాయి జ్వరమని పడుకున్న తొమ్మిదో రోజున పోయింది. ఇరవై ఏడేళ్ళు. దీని గురించి ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. ఆస్పత్రిలో ఆఖరుగా తెలివిలో ఉన్నప్పుడు నన్ను అడిగింది ఒక్కటే. "నలుగుర్నీ విడదియ్యకండి నాన్నా." సరేనన్నాను.

తను ఉన్నప్పుడు పిల్లులు ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక ట్రేలు ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. బాల్కనీలో ఒకటి, తన మంచం కింద ఒకటి, వంటింటి గుమ్మం పక్కన ఒకటి, ఇంకా ఎక్కడెక్కడో. కాలికి తగిలినప్పుడల్లా నేను విసుక్కునేవాణ్ణి. తను పోయాక వాటిని కడిగి, రెండే ఉంచి, ఆ రెండింటినీ నడవ చివర, బాత్రూము పక్కన పెట్టాను. ఇల్లు పద్ధతిగా ఉందనిపించింది.

చెప్పుల స్టాండు తరవాత కిటికీ తెరల అంచు. ఆ తరవాత ఫ్రిజ్ పక్క. ఒకరోజు నా సంచీ. అందులో ఏడో తరగతి సోషల్ పేపర్లున్నాయి. ఎండలో ఆరేసి దిద్దాను. కాగితం దగ్గరికి తీసుకుంటే ముక్కు మండేది. దూరం నుంచి దిద్దడం వల్లనో ఏమో, ఆ క్లాసులో ఎవరూ తప్పలేదు.

ఫినాయిల్ పోసి తుడిచాను. తుడిచిన చోటే మర్నాడు మళ్ళీ కొత్త చార. చివరికి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై దాటిన అమ్మాయి. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"సార్, మీరా! నేను సార్, ఎనిమిది బి. విజిల్ వేశానని మీరు నన్ను పీరియడంతా నిలబెట్టారు."

"వేశావా?"

"నేను కాదు సార్, నా వెనక కూర్చున్నమ్మాయి. అప్పుడు చెప్తే వినే మనిషా మీరు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ విజిల్ సంగతి నాకు గుర్తే లేదు.

తను ఓపిగ్గా చెప్పింది. కూర్చుని పోస్తే అది అవసరమట. నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడ మీద చిమ్మితే అది మాటట. "'ఇది నా చోటు, నాకు భయంగా ఉంది' అని చెప్పుకోవడం సార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినవీ చేస్తాయి, ఆడవీ చేస్తాయి. ఫినాయిల్ మానెయ్యండి. ఆ ఘాటుకి ఇంట్లోకి ఇంకో పిల్లి దూరినట్టుంటుంది వాటికి. ట్రేలు ఎన్నున్నాయి?"

"రెండు."

"నాలుగు పిల్లులకి ఐదుండాలి."

తను ఇంకా చెప్తుండగానే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాను. తుడవడానికి ఒక మందునీళ్ళ సీసా ఇచ్చింది. ఎవరు చేస్తున్నారో తెలుసుకోవడమెలాగని అడిగాను.

"ఒక్కొక్కర్నీ రెండేసి రోజులు వేరే గదిలో పెట్టి చూడండి. అలా చూసినా తొందరపడి చెప్పలేం సార్."

ఇంటికొచ్చి నడవ చివర గోడ వెంబడి ఐదు ట్రేలు పెట్టాను. అంచుకి అంచు కలిసి, క్లాసులో బెంచీల్లా కుదిరాయి. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"హాజరు కూడా వేస్తారా ఏంటి?"

"వేస్తాను" అన్నాను. అమ్మాయి పోయాక తను వేళాకోళమాడడం అదే మొదటిసారి. అందుకే నిజంగానే వేశాను. పాత హాజరు పట్టీ ఒకటి తీసి, నలుగురి పేర్లూ రాసి, ఏ రోజు ఏ చోట చార కనిపించిందో పక్కన రాసుకుంటూ వచ్చాను.

ఆ వారంలోనే కోటు సంగతి జరిగింది.

అమ్మాయి గది తలుపు వెనక తన షాపు తెల్లకోటు వేలాడుతుండేది. మా ఆవిడ దాన్ని ఉతకలేదు. మధ్యాహ్నం పూట ఆ గదిలోకి వెళ్ళి, కోటు మెడ దగ్గర ముఖం పెట్టుకుని కాసేపు నిలబడేది. సెలవు రోజుల్లో నేను చూసేవాణ్ణి. చూసి పేపరు తిప్పుకునేవాణ్ణి. ఒక ఆదివారం తను గదిలోకి వెళ్ళి వెంటనే బయటికొచ్చింది. చేతిలో కోటు. కింది అంచు నుంచి జేబు దాకా తడి, పసుపు.

బకెట్టులో నానబెట్టింది. వాసన పోలేదు. మూడుసార్లు ఉతికింది. ఆరిన కోటు తెచ్చి నా చేతికిచ్చింది. మెడ దగ్గర వాసన చూశాను. సబ్బు వాసన.

"ఇక నా వల్ల కాదండీ" అంది.

"చేసేదెవరో తేలుస్తాను. ఆ ఒక్కర్నీ పంపించేద్దాం. మిగతా ముగ్గురైనా కలిసుంటారు."

తను కిటికీ వైపు చూస్తూ "ఊఁ" అంది.

మరునాటి నుంచి విచారణ మొదలుపెట్టాను. ముందు ఆలస్యాన్ని నా గదిలో పెట్టాను. బయట రెండు రోజుల్లో మూడు చారలు. తరవాత గుండీని. రెండు చారలు. దూదిని పెట్టిన రోజు అది ఆపకుండా అరిచింది. నేను బడి నుంచి వచ్చేసరికి మా ఆవిడ తలుపు తీసేసి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రెండు రోజులు ఉంచాలన్నానుగా?"

"ప్రాణం పోయేలా ఏడుస్తోందండీ. పిరికిది."

ఆ గడిలో "పూర్తి కాలేదు" అని రాశాను. చివర మానిటర్. గదిలో పెడితే అరవలేదు, గోకలేదు. తలుపు కింది సందులోంచి బయటి కాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎక్కడా చార లేదు. సున్నా, సున్నా. అనుమానం తీరడానికి ఇంకో రోజు ఉంచాను. మళ్ళీ సున్నా.

పట్టీ తెచ్చి మా ఆవిడకి చూపించాను. తను చదవకుండానే "మీ ఇష్టం" అంది.

మా బళ్ళో డ్రిల్లు మాస్టారికి ఊరి ఆ చివర పెరడున్న ఇల్లుంది. అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. "మా ఇంటి ఎలకలకి నేనంటే బొత్తిగా భయం లేదు మాస్టారూ. విజిలేసినా కదలవు. ఇలా పంపండి మీవాణ్ణి." శుక్రవారం సాయంత్రం స్కూటరు మీద వచ్చాడు. మూత ఉన్న బుట్టలోకి మానిటర్ తనంతట తనే వెళ్ళి కూర్చున్నాడు. సందుల్లోంచి మమ్మల్ని చూశాడు. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఐదు రోజులు ఇల్లు శుభ్రంగా ఉంది. అమ్మాయికి ఇచ్చిన మాట తప్పినా, నలుగురిలో ముగ్గుర్ని నిలబెట్టానని నాకు నేను చెప్పుకున్నాను.

ఆరో రోజు పొద్దున బడికి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. దూది మెల్లగా వచ్చి చెప్పుల స్టాండుకి వీపు పెట్టి నిలబడింది. తెల్లటి తోక నిలువుగా లేచింది. దాని కొస సన్నగా వణికింది. అది చేస్తున్నంతసేపూ నా ముఖంలోకే చూసింది. నేను లేసు వదలకుండా అలాగే వంగి ఉండిపోయాను.

సాయంత్రం పట్టీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తను పేజీలు తిప్పి చూసింది.

"ట్రేలు ఎక్కడెక్కడ పెట్టారు సార్?"

"నడవ చివర. వరసగా."

"ఐదూనా?"

"ఐదూ."

తను పట్టీ మూసింది. "వేరే వేరే చోట్ల పెట్టమని చెప్పాను సార్."

నా చిన్న పుస్తకం తీసి చూశాను. "ట్రేలు 5" అని ఉంది. కింద గీత కూడా గీశాను.

"ఒకేచోట ఎన్నున్నా పిల్లికి అది ఒక్కటే చోటు సార్. నడవ మొదట్లో ఆ నల్లవాడు కూర్చుంటే, వాణ్ణి దాటి వెళ్ళే ధైర్యం ఈ పిరికిదానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? వాడేం చేసి ఉండడు. ఊరికే కూర్చుని ఉంటాడు. ఆ భయానికి ఇది గోడలకి చెప్పుకుంది. వాణ్ణి గదిలో పెట్టగానే దారి దొరికి ఆపేసింది."

"మరి ఇప్పుడు వాడు లేడుగా?"

"వాడి చోటు ఖాళీగా ఉంది కదా. దానికోసం మిగతా ఇద్దరూ కొట్టుకోవట్లేదా?"

కొట్టుకుంటున్నారు. రెండు రోజులుగా ఆలస్యం, గుండీ నడవలో బుసలు కొట్టుకుంటున్నారు. ఆడుకుంటున్నారనుకున్నాను.

"వాణ్ణి తీసుకొచ్చేస్తే?"

"తీసుకొచ్చి, ట్రేలు విడదీసి, దూదికి మందు మొదలుపెట్టి చూద్దాం. మాటివ్వలేను సార్."

అక్కణ్ణుంచే డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేశాను. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే గొంతు ఆయనది. ఆ రోజు సరిగ్గా వినపడలేదు.

"మూడో రోజే గోడ దూకేశాడు మాస్టారూ. వస్తాడులే అని చూశా. మీరున్న పరిస్థితిలో ఎలా చెప్పాలో..."

శని, ఆదివారాలు డ్రిల్లు మాస్టారితో కలిసి ఆ చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. పిల్లి తిండి డబ్బా చప్పుడు చేస్తూ "మానిటర్, మానిటర్" అని పిలుస్తూ నడిచాను. డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ "ఏ క్లాసు మాస్టారూ?" అని అడిగింది. కింద ఆడుకుంటున్న పిల్లలంతా ఒకేసారి చేతులెత్తి "ప్రజెంట్ సార్" అని అరిచారు. డ్రిల్లు మాస్టారు వాళ్ళని కసరబోతే వద్దన్నాను. పార్కు చేసిన కార్ల కింద, మెట్ల కింద, నీళ్ళ ట్యాంకుల వెనక చూశాం. రెండు నల్ల పిల్లులు కనిపించాయి. ఒకదానికి ఛాతీ మీద తెల్ల మచ్చ. ఇంకొకటి నేను కూర్చుని పిలుస్తుంటే చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. అదీ వాడు కాదు. వాడైతే కూర్చునేవాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అమ్మాయి గదిలో ఉంది. దూది మంచం మీద, దిండు పక్కన పడుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. మానిటర్ దొరకలేదని. అసలు చేస్తున్నది మానిటర్ కాదని.

"దూదే కదా" అంది.

"నీకెలా తెలుసు?"

"కోటు తడిపిన రోజున చూశాను."

తను దూది వీపు నిమురుతూనే ఉంది.

"చెప్తే దీన్ని పంపించేసేవారు. అమ్మాయి గుండెల మీద పడుకుని పెరిగిన పిల్లండీ ఇది. ఇంకెవరి దగ్గరా తిండి ముట్టదు. వాడు గట్టివాడు, ఎక్కడైనా బతికేస్తాడనుకున్నాను. పెరడుందన్నారుగా."

నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో. తప్పు ఎవరిదో తేల్చే పని ఈ ఇంట్లో ఒకసారి చేశాను, ఇంకోసారి చెయ్యదలచుకోలేదు. "అడిగింది నన్ను కదా, నలుగుర్నీ విడదియ్యొద్దని" అన్నాను.

"నాతోనూ అంది" అంది మా ఆవిడ.

ఆ సాయంత్రమే ట్రేలు విడదీసి, అమ్మాయి పెట్టుకున్న చోట్లలోనే పెట్టాను. బాల్కనీలో ఒకటి, మంచం కింద ఒకటి, వంటింటి గుమ్మం పక్కన ఒకటి. మిగతా రెండూ తను ఎక్కడ పెట్టేదో ఇద్దరం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఇది జరిగి మూడు నెలలైంది. దూదికి పొద్దునా సాయంత్రం మందు వేస్తున్నాం. వారానికి రెండో మూడో చారలు తుడుస్తున్నాను. తగ్గినట్టేనని డాక్టరమ్మ అంటుంది, పూర్తిగా పోతుందని మాత్రం అనదు. డ్రిల్లు మాస్టారు స్టాఫు రూములో నన్ను చూస్తే ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోతాడు. ఆదివారాలు ఆ వీధులకి వెళ్ళడం మానెయ్యలేదు. పిల్లలు ఇప్పుడు "ప్రజెంట్" అనడం లేదు, "ఇవాళా రాలేదా సార్" అని అడుగుతున్నారు.

పట్టీలో రోజూ నలుగురికీ హాజరు వేస్తున్నాను. బళ్ళో అయితే ఇన్ని రోజులు రాని పిల్లాడి పేరు ఈపాటికి కొట్టేసి ఉండేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం అమ్మాయి గదిలోంచి ఆ వాసన వచ్చింది. మా ఆవిడ ఉతికాక కోటుని మళ్ళీ అదే కొక్కేనికి తగిలించింది. దాని అంచు నుంచి నేల మీదికి బొట్లు పడుతున్నాయి. నేను బకెట్టు తెచ్చాను. కోటు తియ్యబోతుంటే మా ఆవిడ వెనక నుంచి అంది.

"ఉండనివ్వండి. ఇప్పుడందులో పోయేదేముంది."

నేల మటుకు తుడిచి వచ్చేశాను.