సాయం కాలు

డ్రైవింగ్ నేర్పే కార్లో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్క సీట్లో కూర్చునే నాలాంటివాడి కాలి కింద. ఆ రెండో పెడలు మీద ఉండే కాలిని మా వృత్తిలో సాయం కాలు అంటాం. పొద్దున్నే ఎవరైనా దాన్ని గట్టిగా వాడాల్సి వస్తే, "ఏం మాస్టారూ, ఇంకా టిఫినన్నా కాలేదు, అప్పుడే సాయంకాలమా?" అని మాలో మేం ఏడిపించుకుంటాం. ఇరవై ఆరేళ్ళుగా అదే జోకు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాళ్ళకి కొత్త జోకులు ఎక్కడ తోస్తాయి?

నా సాయం కాలంటే నాకు మహా గొప్పగా ఉండేది. మిగతావాళ్ళు ధడాలున తొక్కి, పిల్లల్ని హడలగొట్టి, ఆపైన తిడతారు. నేను మాత్రం తెలియనివ్వకుండా నొక్కేవాణ్ణి. రెండు పెడళ్ళూ ఒకే తీగతో కలిసి ఉంటాయి. నేను నొక్కితే అవతలివాళ్ళ కాలి కింద పెడలు కూడా దానంతటదే దిగుతుంది. తామే తొక్కామనుకుంటారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ పరీక్ష తప్పలేదని బోర్డు మీద రాయించుకున్నాను. ఇప్పుడా బోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పీకేయడానికి చేతులు రావు, ఎందుకు పీకేశారని అడిగితే ఏం చెప్పాలి?

ఊళ్ళో ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మగారి అమ్మాయి పద్దెనిమిది నిండిన మర్నాడే నా దగ్గర చేరింది. తల్లే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నా డ్యూటీలకి వేళాపాళా ఉండదు మాస్టారూ. దీని పనులు ఇది చూసుకునేలా చెయ్యండి" అంది. తండ్రి లేడు, వాళ్ళిద్దరే. నేర్చుకునేవాళ్ళకి పేర్లు పెట్టడం నాకు అలవాటు. ఒకావిడ హారన్ మహారాణి, ఒకాయన రివర్స్ రాయుడు. ఈ అమ్మాయికి మెత్తకాలు అని పెట్టాను. ఎందుకంటే ఆమె బ్రేకు వేస్తే కారు ఆగినట్టే తెలిసేది కాదు. ఆగగానే నావైపు తిరిగి, "ఆగిందండీ మాస్టారూ!" అనేది. ప్రతిసారీ. మార్కెట్టు వెనక బాగా ఏటవాలు దిగుడు ఉంది, కింద లారీలు తిరిగే రోడ్డు. పెద్దపెద్దవాళ్ళకే అక్కడ చెమటలు పడతాయి. అక్కడ కూడా అంతే, వెన్నలా ఆపేది. "ఇలాంటి కాలు నేనింతవరకూ చూడలేదు" అని నర్సమ్మగారి ముందే మెచ్చుకున్నాను. తల్లీకూతుళ్ళ మొహాలు వెలిగిపోయాయి.

లైసెన్సు వచ్చిన మూడోరోజు పొద్దున ఆ పిల్ల తల్లి కారు తీసుకుని మొదటిసారి ఒంటరిగా బయల్దేరింది. అదే దిగుడులో దిగుతూ నేరుగా లారీ కిందికి వెళ్ళిపోయింది. రోడ్డు మీద టైరు గీత ఒక్కటి కూడా లేదని, అసలు ఆపే ప్రయత్నమే జరిగినట్టు లేదని పోలీసులు రాసుకున్నారు.

మెత్తకాలు ఆపకపోవడమేమిటి? వారం రోజులు నాకు ఏమీ అంతుపట్టలేదు. తర్వాత ఒకరోజు యాభై రెండేళ్ళ పోస్టుమాస్టరుగారికి నేర్పుతూ ఆ దిగుడుకి వెళ్ళాను. కారు చక్కగా ఆగింది. "భలే ఆపారండీ" అనబోయి ఎందుకో నా కాలివైపు చూసుకున్నాను. అది పెడలు మీద, సగానికి పైగా నొక్కి ఉంది. నేను నొక్కలేదు. అంటే, నొక్కాలని నేను అనుకోలేదు. మర్నాడు కాళ్ళు సీటు మీదికి లాక్కుని మఠం వేసుకుని, చేత్తో హ్యాండ్ బ్రేకు పట్టుకుని అదే దిగుడులో దింపించాను. ఆయన పాపం ఎప్పటిలాగే బ్రేకు మీద పాదం ఆనించారు. కారు ఆగలేదు. నేను హ్యాండ్ బ్రేకు లాగి ఆపాల్సి వచ్చింది. "ఇవాళ బ్రేకు పనిచెయ్యట్లేదు మాస్టారూ" అన్నారాయన.

ఆరోజు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే మా ఆవిడ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. ఆ పిల్లకి వయసు చాలక కాదు, దూకుడెక్కువై కాదు. బ్రేకు అంటే పాదం ఆనిస్తే చాలని నేను నేర్పాను. నేర్పి, మెచ్చుకుని, లైసెన్సు ఇప్పించి పంపాను. పరీక్షరోజు కూడా ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో కూర్చుంటే, ముందు సీట్లో ఉన్నది నేనే. చంపింది నేనే. ఈ మాట ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది. తర్వాతి పాఠంలో అదే దిగుడులో నేను కాలు పైకి లాక్కుని కూర్చున్నా నా ముందున్న పెడలు దిగడం చూశాను. పోస్టుమాస్టరుగారి కాలు అప్పటికింకా యాక్సిలరేటరు మీదే ఉంది. కారు ఆగింది, వెన్నలా. ఆయన ఏమీ అనలేదు కానీ నా చెవి పక్కనే, స్పష్టంగా, "ఆగిందండీ మాస్టారూ" అని వినిపించింది. ఒకసారి కాదు. మెకానిక్కయిన మా బావమరిది కారు కింద దూరి తీగలన్నీ తడిమి చూశాడు. "పెడలు లక్షణంగా ఉంది బావా. నిన్నే ఒకసారి సర్వీసింగుకి ఇవ్వాలి" అన్నాడు. నవ్వాను. భయపడుతూ కూడా నవ్వొచ్చు, ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆ దిగుడువైపు వెళ్ళడం మానేశాను. కానీ అన్నం తింటుంటే బల్ల కింద నా కాలు నేలని నొక్కుతూ ఉండేది.

అలాంటి రోజుల్లో నర్సమ్మగారు మా స్కూలుకి వచ్చింది. మనిషి సగమైపోయింది. లైసెన్సు వయసు పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటికి పెంచాలని ఊరంతా తిరిగి సంతకాలు తెచ్చిందట. రవాణా శాఖవాళ్ళు జనం అభిప్రాయాలు వినడానికి సభ పెడుతున్నారట.

"మీరు రండి మాస్టారూ. ఎంతమందికి నేర్పారో! ఆ వయసుకి బుర్ర కుదరదని మీరు చెబితే కాదనేవాళ్ళుండరు. నేనే ఇంకో మూడేళ్ళు ఆగమని ఉంటే..." అని కళ్ళు తుడుచుకుంది.

వస్తానన్నాను. ఎందుకన్నానో నిజం చెప్పుకోవాలి. తప్పు వయసుదని చట్టమే ఒప్పుకుంటే ఇక నన్ను అడిగేవాడెవడు? ఆరోజు ఎనిమిది నెలల తర్వాత కడుపునిండా తిన్నాను. సిగ్గులేని కడుపు.

సభ పొద్దున పదింటికి. హాలు కిటకిటలాడుతోంది. ఎముకల డాక్టరుగారు ముందు లేచి, తన వార్డులో మంచాలన్నీ కుర్రకారుతోనే నిండుతున్నాయని, వాళ్ళకి భయం తెలిసేలోపే బండి తెలుస్తోందని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. బేకరీ నడిపే ఆవిడ లేచి, "మా పెద్దది పంతొమ్మిదేళ్ళది. తెల్లారకముందే వ్యానులో రొట్టెలు వేసొస్తుంది. అది బండి దిగితే పొయ్యి ఆర్పుకోవాలి. మూడేళ్ళు మమ్మల్ని మీరు పోషిస్తారా?" అంది. దానికీ చప్పట్లు కొట్టారు, అదే జనం. ఒక కాలేజీ పిల్ల, "ఓటేసి ప్రభుత్వాన్ని దించొచ్చు గానీ క్లచ్ తొక్కకూడదా?" అని అడిగితే హాలు ఘొల్లుమంది. చివర్లో ఒక తాతగారు కర్ర ఊతంగా లేచి, "నాకు డెబ్భై ఆరు. నిన్న మా గేటుని నేనే గుద్దాను. నా సంగతేమిటి?" అన్నారు. ఆయన్ని కూర్చోబెట్టడానికి మనవరాలు నానా తంటాలు పడింది.

అన్నీ నిజాలే. ఒక్కటీ ఆ దిగుడు దాకా రాలేదు. బెంచీ కింద నా కాలు నేలని నొక్కుతూనే ఉంది. వరసలో తర్వాతి పేరు నాదే అని గుమాస్తా వచ్చి చెప్పాడు. నర్సమ్మగారు ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, ధైర్యం చెబుతున్నట్టు నాకు తల ఊపింది. నా వల్ల కాలేదు. లేచి ఆవిణ్ణి వరండాలోకి రమ్మన్నాను.

మంచినీళ్ళ కుండ పక్కన నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు పెడళ్ళు, ఒకే తీగ, మెత్తకాలు అని నేను మెచ్చుకున్నది నా కాలినే అని, అంతా. మధ్యలో ఆపలేదావిడ. చెంప పగలగొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది.

ఆవిడ నావైపే చూసింది. "అయితే అది బ్రేకు తొక్కిందంటారా?" అని అడిగింది.

"తొక్కిందమ్మా. నా కార్లో ఎలా తొక్కేదో అలాగే తొక్కి ఉంటుంది. అది చాలదని దానికి తెలీదు. నేను తెలియనివ్వలేదు."

"ఆపాలనే చూసిందన్నమాట."

"ఆపాలనే చూసిందమ్మా."

గోడకి ఆనుకుని నేల మీదికి జారి కూర్చుంది. "ఆరోజు పొద్దున నాతో పోట్లాడి వెళ్ళింది మాస్టారూ. పెద్దదేం కాదు, మొహం కడుక్కోకుండా ఫోను పట్టుకుందని తిట్టాను. నువ్వు చస్తే గానీ బాగుపడవన్నాను. ఆ మాటే ఆఖరిది. రోడ్డు మీద గీత కూడా లేదని పోలీసాయన చెప్పినప్పట్నుంచి... అది కావాలనే ఆపలేదేమో అని... నా మాటకే వెళ్ళిపోయిందేమో అని..." అంటూ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. "ఎవరితో అనను? ఆ మాట బయటికి రాకూడదనే సంతకాలంటూ తిరిగాను. వయసు, వయసు అని అరుస్తుంటే నాకు అదొక్కటే వినిపించేది."

ఇద్దరం ఒక్క దయ్యానికే భయపడి, దాన్ని వయసు అనే ఒకే మాటకింద దాచాం. హాల్లోంచి మైకులో పిలుపు వినిపించింది, డ్రైవింగ్ స్కూలు మాస్టారు రావాలని. నా కాలి సంగతి అక్కడ చెబితే స్కూలు ఉండదు, కేసు కూడా పెట్టొచ్చు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. క్షమించానని అనలేదు, అననక్కర్లేదు కూడా. కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"వెళ్ళండి. వయసు పెంచాలో వద్దో మీ ఇష్టం, నాకు పట్టదు. నా కూతురు బ్రేకు తొక్కిందని మాత్రం అందరికీ వినపడేలా చెప్పండి."

మైకు ముందుకెళ్ళాను. నా పేరు, నా వృత్తి అడిగారు. అవి తర్వాత చెప్తానని, ముందు ఆ మాట చెప్పాను.