బొట్టు పెట్టించుకుని వెళ్ళు

ట్రేలో అన్నం డబ్బా పక్కన సలాడ్ గిన్నె, మూలన బన్ను, దాని మీద చెంచా పొట్లం. ఊర్మిళ చేతులు వాటంతట అవే కదులుతున్నాయి. బెల్టు మీద ట్రే వస్తుంది, తన వంతు బన్ను పెడుతుంది, ట్రే ముందుకు పోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకి భోజనాలు సర్దే హాలు అది. తిండి పాడవకుండా ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. స్వెట్టర్ మీద స్వెట్టరు, ఆ పైన తెల్లకోటు, జుట్టుకి నీలం వల. గ్లౌజులు తీశాక చేతులకి ఒక వాసన మిగులుతుంది, రబ్బరూ మాంసం పులుసూ కలిసిన వాసన. ఎంత సబ్బు రుద్దినా పోదు. మొదట్లో అన్నం కూడా చెంచాతో తినేది. ఇప్పుడు అలవాటైపోయింది. మనిషికి అలవాటు కానిదంటూ ఏదీ ఉండదు కాబోలు.

హిందూ భోజనం అని చీటీ అంటించిన ట్రే వస్తే మాత్రం బన్ను కాస్త సర్ది, తిన్నగా పెడుతుంది. ఎవరో మనవాళ్ళు తింటారు.

ఆమెది సూర్యాపేట. ఎమ్‌సీఏ చదివింది. చైతన్యకి ఇక్కడ ఉద్యోగం, ఉండిపోవడానికి బ్లూకార్డు అనే వీసా అనగానే ఇంట్లోవాళ్ళు సంబరపడి పెళ్ళి చేశారు. అతను చెడ్డవాడని ఎవరూ అనరు, ఇప్పటికీ అనరు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, తెలుగువాళ్ళ పండగల్లో కుర్చీలు మోస్తాడు. ఇంట్లో మాత్రం ఆమె ఫోను అతని దగ్గర ఉండేది. ఒక చలికాలం, పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆమెని బాల్కనీలోకి నెట్టి అద్దం తలుపు గడియ పెట్టాడు. బయట మంచు పడుతోంది. లోపలినుంచి కూతురు వైశాలి, అప్పటికింకా మరీ చిన్నపిల్ల, అద్దం మీద అరచేతులతో కొడుతూ ఏడ్చింది. అతను సోఫాలో కూర్చుని అన్నం తిన్నాడు. ఆ రోజునుంచి పిల్లకి మూసిన తలుపు అంటే పడదు. ఆ రోజు తర్వాతే ఊర్మిళ ఇల్లు వదిలి వచ్చేసింది.

విడాకులయ్యాయి. పిల్లని తల్లి దగ్గరే ఉంచమంది కోర్టు. హైదరాబాద్ తీసుకుపోతానన్న అతని అర్జీ మొన్ననే కొట్టేసింది. వారం విడిచి వారం శుక్రవారంనాడు అతను వైశాలిని కీటా అనే చిన్నపిల్లల బడి నుంచి తీసుకెళ్ళాలి, సోమవారం కీటాలోనే దింపాలి. తల్లీ తండ్రీ ఒకరికొకరు ఎదురు పడకూడదు. ఆ కాగితం రాసినవాళ్ళకి తెలుగు రాదు, చైతన్య ఎవరో తెలియదు. అయినా మనవాళ్ళెవరికీ అర్థం కానిది వాళ్ళకి అర్థమైంది.

ఈ శుక్రవారం టీచర్లకేదో శిక్షణ అని కీటాకి సెలవు. ఈ వారం మానేయండి, ఇంకో వారం చూద్దాం అంది యూగెండ్‌అమ్ట్ మేడం. పిల్లల సంగతులు చూసే ఆఫీసు అది. అంతటితో అయిపోవలసిన విషయం. కానీ రవీంద్రనాథ్ ఫోన్ చేశాడు.

ఈయన ఇక్కడి తెలుగువాళ్ళకి పెద్దమనిషి. ఎవరు పెట్టారో తెలియదు, తనే పెట్టుకున్నాడు ఆ పదవి. ఉగాదికి మైకు పట్టుకుంటే వదలడు.

"ఏవమ్మా ఊర్మిళా, మనలో మనకి ఈ ఆఫీసులేవిటమ్మా? పిల్లని చూపించట్లేదని వాడు అందరికీ చెప్పుకుని ఏడుస్తున్నాడు. రేపు కోర్టులో మాటొచ్చేది నీకే కదా. మా ఇంట్లో దింపేసి వెళ్ళిపో. నువ్వు మెట్లు దిగాకే వాడికి ఫోన్ చేస్తాను. ఏం, నా మాట మీద నమ్మకం లేదా?"

పెద్దవాళ్ళు ఇలా అడిగితే లేదని చెప్పగలిగే తెలుగు ఆడపిల్ల ఎక్కడైనా ఉంటే ఆమెకి దండం పెట్టాలి. ఊర్మిళ ఒకసారి చెప్పింది ఆయనకి, నువ్వు లేకపోతే పిల్ల నాదే అని చైతన్య ఫోన్లో అన్నాడని. "కోపంలో అంటారమ్మా మగాళ్ళు, పట్టించుకోకూడదు," అన్నాడాయన. ఆయనకి ఏదీ పట్టించుకోవలసిన విషయం కాదు, తన మాట చెల్లకపోవడం తప్ప.

షిఫ్టు అయింది. కోటూ వలా బుట్టలో పడేసి, చేతులు మళ్ళీ కడుక్కుని, వాసన చూసుకుని మొహం చిట్లించి, ఎస్-బాన్ రైలెక్కింది. ఇంట్లో ఒక గదిలో అద్దెకుంటున్న భావన వైశాలిని తయారుచేసి ఉంచింది. ఎమ్మెస్ చదువుతున్న పిల్ల, పొద్దుటినుంచీ మొహం ముడుచుకునే ఉంది.

"అక్కా, మళ్ళీ చెప్తున్నా, వద్దు. ఆ మేడం ఈ వారం లేదంటే లేదు, అంతే. ఆ అంకుల్‌కెందుకంత ఇంట్రెస్టు?"

"పెద్దాయన మాటిచ్చిండు భావనా. నేను పొయినంకనే పిలుస్తడంట. రేపు నేనే పిల్లను సూపిస్తలేనని కేసేస్తే? పిల్లను గుంజుకపోతే నేనెట్ల బతకాలె?"

"ఇష్ విల్ నిష్ట్," అంది వైశాలి బూట్లు వేసుకోకుండా. నాకొద్దని.

"వద్దనొద్దు బంగారం. సోమవారం నేనే వచ్చి తీసుకుంట." కూర్చుని బూట్లు తొడిగి, పిల్ల చెంప మీద చెయ్యి వేయబోయి, వాసన గుర్తొచ్చి, మణికట్టుతో రాసింది.

రవీంద్రనాథ్ వాళ్ళ ఫ్లాటు శుభ్రంగా, అగరొత్తుల వాసనతో ఉంది. ఆయన భార్య భానుమతి నవ్వుతూ ఎదురొచ్చింది. పిల్లని హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టింది. ఊర్మిళ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"పోయొస్త ఆంటీ."

"అదేవిటి, శుక్రవారం పూట వచ్చి బొట్టు పెట్టించుకోకుండా వెళ్తావా? కూర్చో. ఒక్క నిమిషం."

ఇల్లు వదిలి వచ్చాక ఊర్మిళని ఎవరూ పేరంటానికి పిలవలేదు. వరలక్ష్మీ వ్రతాలయ్యాయి, బొమ్మల కొలువులయ్యాయి, ఫొటోలు వాట్సాప్‌లో చూసుకుంది. ఎవరూ ఏమీ అనరు, మర్చిపోతారు, అంతే. మర్చిపోవడంలో మనవాళ్ళకి ఉన్న తెలివి ఇంకెవరికీ లేదు. అందుకే భానుమతి ఆ మాట అనగానే ఆమె వంగి బూట్లు విప్పింది. లోపలికి వచ్చి, సోఫా అంచున కూర్చుంది. చేతులు చున్నీలో దాచుకుంది.

భానుమతి పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, ఆకుపచ్చ జాకెట్టు ముక్క. ఊర్మిళ ఆ ముక్క కేసి చూసి పెదవి కొరుక్కుంది. అది తను ఇచ్చిందే. హైదరాబాద్ కొత్తపేటలో కొన్నది, ధర చీటీ గోటితో గీకుతుంటే సగమే ఊడింది. ఇల్లు వదలకముందు ఒక దసరాకి ఆంటీకి పెట్టింది. ఎన్ని ఇళ్ళు తిరిగిందో ఏమో, తిరిగి తన దగ్గరికే వచ్చింది. భావనకి చెప్తే పడీపడీ నవ్వుతుంది అనుకుంది.

"ఉండు, తమలపాకులు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అని లోపలికెళ్ళిన భానుమతి చాలాసేపు రాలేదు.

బెల్లు మోగింది. రవీంద్రనాథ్ తనే వెళ్ళి తీశాడు. చైతన్య. చేతిలో పూలు, భుజాన ఆఫీసు సంచి. ఊర్మిళ లేచి నిలబడింది.

"అంకుల్, నేను పొయినంకనే అన్నరు గదా."

"అబ్బా, కూర్చోమ్మా. ఎన్నాళ్ళని ఇలా? పిల్ల మొహం చూడండి ఇద్దరూ. వాడు పూలు కూడా తెచ్చాడు. కాపురమన్నాక సవాలక్ష ఉంటాయి. ఆ గదిలోకెళ్ళి మనసు విప్పి మాట్లాడుకోండి, మీ మధ్య మేమెందుకు."

ఈ ఒక్క పనికోసం ఆయన ఎంత ఏర్పాటు చేశాడో చూడండి. భార్యకి తమలపాకులు నేర్పాడు, అతనికి పూలు నేర్పాడు. వచ్చే ఉగాదికి మైకులో చెప్పుకోడానికి ఒక కాపురం నిలబెడదామనుకున్నాడు. తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

"వద్దంకుల్. నేను పోత," అని ఊర్మిళ బూట్ల కోసం చూసింది. అవి చైతన్య నిలబడ్డ గుమ్మం దగ్గరున్నాయి. ఇంతలో భానుమతి వచ్చి భుజాల మీద చేతులు వేసింది. "మేం బయటే ఉన్నాం కదమ్మా. ఐదు నిమిషాలు. వచ్చాక బొట్టు పెడతా." ఊర్మిళ పిల్ల కేసి చూసింది. పిల్ల ముందు గొడవ వద్దనుకుంది. గదిలోకి నడిచింది. చైతన్య పూలు బల్ల మీద పెట్టి, సంచి మాత్రం భుజానే ఉంచుకుని, నవ్వుతూ ఆమె వెనకే వెళ్ళాడు. రవీంద్రనాథ్ మర్యాదగా తలుపు దగ్గరగా వేశాడు. లోపలినుంచి గడియ పడింది.

వైశాలి టీవీ నుంచి తల తిప్పింది.

"ట్యూర్ ఇస్ట్ త్సూ," అంది. తలుపు మూసేశారని. ఆ ఇంట్లో జర్మన్ రానివాళ్ళెవరూ లేరు.

"ఏం కాదమ్మా. అమ్మా నాన్నా మాట్లాడుకుంటున్నారు," అంది భానుమతి.

పిల్ల లేచి వెళ్ళి తలుపు మీద అరచేతులతో కొట్టడం మొదలుపెట్టింది. భానుమతి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టింది. లోపల కుర్చీ ఏదో జరిగిన చప్పుడైంది. ఊర్మిళ ఒకసారి పిల్ల పేరు పిలిచినట్టుంది. రవీంద్రనాథ్ రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచాడు.

గది తలుపు తెరుచుకునేసరికి మాట్లాడేది ఇంకేమీ మిగల్లేదు. చైతన్య బయటికొచ్చి, పిల్ల కోటు ఎక్కడ అని అడిగాడు, మామూలుగానే.

ఊర్మిళని చంపిన కత్తి అతను సంచిలో తెచ్చుకున్నదని పోలీసులు తేల్చారు. తమ వంటింటిది కాదని తెలిశాక రవీంద్రనాథ్‌కి పెద్ద ఊరట కలిగింది. ఆ మాట కలిసినవాళ్ళందరికీ చెప్పాడు. "మేం మంచికే చేశాం," అని కూడా చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు. కుటుంబ విషయాలు ఇక్కడ చర్చించవద్దని ఒకరు రాస్తే, దానికింకా ఎక్కువ దండాలొచ్చాయి. ఇద్దరూ మంచివాళ్ళే, టైమ్ బాలేదు అన్నారు. భావన ఒక్కతే ఏదో రాసింది. ఆమెని గ్రూపులోంచి తీసేశారు.

వైశాలి ఇప్పుడు యూగెండ్‌అమ్ట్ చూసిపెట్టిన ఒక జర్మన్ కుటుంబంలో ఉంటోంది. పడుకునేటప్పుడు ఏ గది తలుపూ వేయనివ్వదట.

పోలీసులు గదిని ఖాళీ చేసి ఇచ్చాక భానుమతి ఇల్లంతా కడిగించింది. బల్ల మీది పళ్ళెం వాళ్ళకి అక్కర్లేకపోయింది. నల్లబడ్డ అరటిపళ్ళు పారేసింది. కుంకుమ మళ్ళీ భరిణెలో పోసింది. జాకెట్టు ముక్కని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఎక్కడా మరక లేదు. ఇంకెవరికైనా పెట్టొచ్చని బీరువాలో మిగతావాటి మీద పెట్టింది. ఆకుపచ్చ ముక్క, మూలన సగం గీకిన ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.