ఎనభై ఒక్క మార్కులు

కంట్లో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టి మూడు గంటలైంది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. కాజాలక్కకు నడుము లాగేస్తోంది, ఆనుకుందామంటే ఆ బల్లకు వెనక చెక్క లేదు. జబ్బు చేసి వచ్చినవాళ్ళకు అంత సుఖం దేనికని కాబోలు, ఆస్పత్రివాళ్ళు చేయించలేదు.

దర్జీకొట్టులో ముప్పై ఏళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకు ఆ పేరే స్థిరపడింది. అసలు పేరు ఆస్పత్రి చీటీ మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. వయసు మీద పడ్డాక కంటి వెనక పొర పాడైంది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంట్లో, ఎటు చూసినా సరిగ్గా చూసినచోటే నల్లటి మరక, చుట్టూ అంచులు మాత్రం మిగిలాయి. ఆ అంచులైనా నిలవాలంటే నెలనెలా కంట్లో సూది వేయించుకోవాలని డాక్టరు చెప్పారు. మొదటిసారి భయంతో చచ్చి బతికింది. పదకొండు సూదులయ్యాక భయం కూడా విసిగి ఊరుకుంది.

విసుగు చావనిది తోడికోడలికి. అదే కొట్టులో ఇస్త్రీ పని ఆమెది. అక్కకు తోడుగా వచ్చిన రోజు కూలి పోతుంది, మర్నాడు యజమాని మొహం మాడ్చుకుంటాడు.

"ఇంకెంతసేపక్కా?"

"నన్నడిగితే నేనేం చెప్పనే? నాకు గడియారం కూడా కనిపించదు."

ఇంతలో కాగితాల అట్ట పట్టుకుని ఒక అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. చిన్న పిల్లే, మాట మెత్తన. "నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను పెద్దమ్మా. సూది మొదలుపెట్టాక మీ జీవితం ఎలా సాగుతోందో రాసుకోవాలి."

కాజాలక్క కొంగు సర్దుకుంది. జీవితం ఎలా సాగుతోందని ఇంతవరకూ ఆమెను ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"పేపరు చదవడం కష్టంగా ఉందా?"

"నాకు చదువు రాదమ్మా."

"అయితే కష్టం లేదు." ఆ అమ్మాయి టిక్కు పెట్టింది. "కారు నడపడం?"

తోడికోడలు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అక్క కారెక్కితే వెనక సీట్లోనేనమ్మా, రాసుకో." దానికీ టిక్కు పడింది.

"మెట్లు దిగడం?"

"ఫర్వాలేదు."

"కుట్టుపని లాంటివి?"

"ఫర్వాలేదమ్మా."

"మనుషుల్ని గుర్తుపట్టడం?"

"ఏదో, ఫర్వాలేదు."

కాజాలక్క అబద్ధాలకోరు కాదు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాననడం ఆమె ఎరిగిన మర్యాద. అందులోనూ ఊరికే వైద్యం చేస్తున్నవాళ్ళ ముందు కూర్చుని కష్టాలు ఏకరువు పెట్టడానికి మొహం చెల్లలేదు. పేదవాళ్ళ మర్యాద వాళ్ళకు ఎంత చేటు తెస్తుందో ఆ ప్రశ్నలు రాసిన పెద్దలకు తెలియదు. తెలిసినా దానికక్కడ గడి లేదు.

ఆ అమ్మాయి కూడిక వేసి సంతోషపడింది. "నూటికి ఎనభై ఒక్క మార్కులు వచ్చాయి పెద్దమ్మా. డెబ్బై ఐదు దాటితే ఇక నాలుగు నెలలకోసారే సూది. మందు చాలడం లేదు కదా, బాగాలేనివాళ్ళకు ముందివ్వాలి. ఇక్కడ వేలిముద్ర వేయండి."

"పోనీలే అక్కా, నెలనెలా ఈ తిప్పలు తప్పాయి," అంది తోడికోడలు. చెడ్డ మనసుతో అన్నమాట కాదు. ఆమె కాళ్ళు పీకుతున్నాయి.

నాలుగు నెలలు. అన్నాళ్ళు సూది లేకపోతే అంచులు కూడా మిగలవు. అమ్మాయి సిరా డబ్బీ దగ్గరికి జరిపి ఆమె చెయ్యి పట్టుకుంది. కాజాలక్క బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"వేయనమ్మా."

"ఎందుకు పెద్దమ్మా?"

"కష్టమే. నువ్వు అడిగినవన్నీ నాకు కష్టమే. మళ్ళీ రాసుకో."

"ఇప్పుడే కదా ఫర్వాలేదన్నారు? సూది కోసం మాట మార్పించానని పైవాళ్ళు నన్నంటారు. పోనీ, కుట్టుపని ఇప్పటికీ చేస్తున్నారా లేదా?"

కాజాలక్క పిడికిలి ఇంకా విప్పలేదు. చెయ్యడం లేదనాలంటే ముప్పై ఏళ్ళ బతుకును తన నోటితో తనే కాదనుకోవాలి.

"చేస్తున్నాను," అంది చివరికి.

"మరి?"

"చేస్తోంది. నేను విప్పుతున్నాను," అంది తోడికోడలు. "మధ్యాహ్నం ఆమె అన్నానికి లేస్తుంది కదా, అప్పుడు విప్పి మళ్ళీ కుడుతున్నాను. ఏడాదిగా ఇదే వరస. చొక్కాకు ఏడు కాజాలుంటే నాలుగు నావే."

కాజాలక్కకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిగా ఒక్క చొక్కా కూడా తిరిగి రాలేదని, కళ్ళు పోయినా వేళ్ళు మోసం చేయలేదని ఎంత మురిసిపోయింది! సిగ్గు, దాని వెనకే కోపం ముంచుకొచ్చాయి. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, అట్ట మీద కొత్త కాగితం పెట్టింది. "మనుషుల్ని గుర్తుపట్టడం..." అని మెల్లగా మొదలుపెట్టింది.

కాజాలక్క తోడికోడలి వైపు తిరిగింది. "దీని చెవి కమ్మ కనిపిస్తోంది. భుజం మీద కొంగు కనిపిస్తోంది. మొహం చూసి ఏడాదైంది. మొన్న నా పక్కనే కూర్చుని ఏడిస్తే, ముక్కు చీదేదాకా నాకు తెలియలేదు."

ఆ మాటలు ఏ గడిలో పెట్టాలో తెలియక ఆ అమ్మాయి పెన్ను ఎత్తి పట్టుకునే ఉండిపోయింది. వెనక బల్ల మీద కూర్చున్న, ఒక కంటికి కట్టు కట్టుకున్న ముసలాయన, గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్," అన్నాడు. "పొద్దున నేను కూడా అన్నిటికీ ఫర్వాలేదనే చెప్పాను."